సాయంత్రం వల ఎత్తడం డ్రామానే, అయితే ఏంటి?

మా ఆయన పెదనాన్నగారి అబ్బాయి, అంటే నాకు బావగారు, గ్రీసులోని పారోస్ దీవిలో మేం దిగిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో చూసి ఓ మాట అన్నారు. "సన్‌సెట్‌లో చేపల వేటేంటమ్మా, అదంతా టూరిస్టుల కోసం ఆడే డ్రామా. ఆ డబ్బుతో ఇంకో దీవి చూసొచ్చేవాళ్లు కదా." దానికింద వరసగా లైకులు పడ్డాయి. నేను జవాబు టైప్ చేయడం మొదలుపెట్టాను గానీ అది ఎంతకీ ఆగేలా లేదు. గ్రూపులో అంత పొడుగు మెసేజ్ పెడితే ఎవరూ చదవరు సరికదా, కోడలు గొడవకి దిగిందంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

డ్రామానే. అందులో నాకు అనుమానమేం లేదు, ఆ పడవ నడిపే కెప్టెన్‌కి అసలే లేదు. నా అభ్యంతరం అంతా ఆ తర్వాతి మాట మీద. మనకోసం చేసి చూపించారు కాబట్టి అది మోసం, మనకోసం కాకుండా జరిగేదే నిజం, ఆ నిజం దొరికితేనే డబ్బులకి న్యాయం జరిగినట్టు అనుకుంటాం చూడండి, అక్కడే లెక్క తప్పుతోందని నాకనిపిస్తుంది. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు ఫొటోగ్రాఫర్ "ఒక్క నిమిషం, ఇటు చూడండి" అంటే పెళ్లికొడుకు ఆగుతాడు. ఆగినందుకు ఆ పెళ్లి చెల్లదని ఎవరూ అనరు కదా.

వల ఎత్తే టైమా ఇది?

మా అత్తయ్య, మామయ్య వైజాగ్ నుంచి మా దగ్గరికి, అంటే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కి వచ్చినప్పుడు, జూలైలో నలుగురం కలిసి పారోస్ వెళ్లాం. దీవికి దక్షిణాన అలికి అని చిన్న హార్బరు ఉంది. అక్కడ ఓ జాలరి సాయంత్రం పూట తన పడవలో తీసుకెళ్లి, చేపలు పట్టి, పడవలోనే వండిపెట్టి, పొద్దు గుంకాక తిరిగి తీసుకొస్తాడని మేం దిగిన గదుల ఆవిడ చెప్పింది. మొత్తం నాలుగు గంటలు, పడవలో మేం తప్ప ఇంకెవరూ ఉండరు, ఖర్చు మాత్రం ఐదొందల యూరోలు దాటింది. రూపాయల్లోకి మార్చి మామయ్యకి చెప్పొద్దని మా ఆయన నాకు ముందే సైగ చేశాడు.

మామయ్య గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వాళ్లది భీమిలి దగ్గర వేటకెళ్లే కుటుంబం. ఆయన చదువుకుని వైజాగ్ పోర్టులో ఉద్యోగంలో చేరారు, మళ్లీ వేటకెళ్లలేదు. వాళ్ల నాన్నగారు మాత్రం ఓపిక ఉన్నంతకాలం తెప్ప మీద వెళ్లారు.

సరే, పడవ హార్బరు దాటి పారోస్‌కీ పక్కనున్న యాంటీపారోస్ దీవికీ మధ్య నీళ్లలోకి వచ్చింది. రాళ్లున్న చోట తేలుతున్న బెండ్లు చూపించి కెప్టెన్ ఇంజన్ వేగం తగ్గించాడు, వల ఎత్తే డ్రమ్ము తిప్పడం మొదలుపెట్టాడు. మామయ్య కాసేపు చూసి, "ఏటమ్మా ఇది, ఇప్పుడు వల వేసే టైము కదా, ఎత్తుతాడేటి? ఎత్తేది తెల్లారగట్ల గదా" అన్నారు. నేను ఇంగ్లీషులో అడిగాను. కెప్టెన్ పని ఆపేసి, ఈ ప్రశ్న వేసిందెవరని చూసి, మామయ్య వైపు వేలు చూపించి పెద్దగా నవ్వాడు. అప్పట్నుంచి ఆ పడవలో మాకు విలువ పోయింది, ఆయనకే మర్యాదలన్నీ.

విషయం ఏంటంటే, అక్కడ కూడా వల పొద్దుగూకే వేళ వేసి తెల్లవారకముందు ఎత్తడమే పద్ధతి. ఒడ్డుకి దగ్గర్లో తిరిగే చేపలు చాలావరకు మునిమాపు వేళా, తెల్లవారుజామునా మేతకి కదుల్తాయి, మసక వెలుతుర్లో వాటికి వల కనపడదు. చిక్కిన చేపని ఎండెక్కేదాకా వదిలేస్తే పీతలూ ఆక్టోపస్‌లూ తినేస్తాయి, మిగిలింది మెత్తబడిపోతుంది. అందుకే ఆ రోజు అసలు వేట మేం నిద్ర లేవకముందే అయిపోయింది. చేపలు హోటళ్లకి వెళ్లిపోయాయి, పెద్ద వలలు హార్బరులో పసుప్పచ్చ కుప్పలుగా పడున్నాయి. మేం వస్తున్నామని మధ్యాహ్నం పూట ఓ చిన్న వల విడిగా వేసి పెట్టాడు. "సన్‌సెట్ మీకోసం, చేపలకి దాంతో పనిలేదు" అన్నాడు.

దాచలేదు చూడండి. అడిగీ అడగ్గానే చెప్పేశాడు. మోసం చేసేవాడైతే "ఇక్కడ ఇలాగే పడతాం, మా తాతలనాటి పద్ధతి" అని ఓ కథ అల్లేవాడు, మామయ్య లేకపోతే మేం నమ్మేవాళ్లం కూడా.

వలలో పడిందెంత అంటే పెద్దగా ఏం లేదు. బార్బూనియా అని వాళ్లు ప్రాణంగా చూసుకునే ఎర్రచేపలు కొన్ని. మన వైపు గులివిందలు అంటాం కదా, ఆ కుటుంబమే, గడ్డం కింద రెండు మీసాలు కూడా ఉన్నాయి. ముళ్ల చేప ఒకటి, చిలక ముక్కులాంటి నోరున్న స్కారోస్ రెండు, మిగతాదంతా నాచు. స్కారోస్‌ని పొట్ట కోయకుండా పేగులతో సహా నిప్పుల మీద కాలుస్తారని, అది నాచు తినే చేప కాబట్టి లోపలిదే రుచని కెప్టెన్ చెప్తుంటే అత్తయ్య మొహం చూడాలి. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి కారం డబ్బా తీసి పక్కన పెట్టుకున్నారు, ఎందుకైనా మంచిదని.

చివర్న ఇంకోటి వచ్చింది. బూడిద రంగు వీపు, మచ్చలు, పక్కన వెండి చార. పైకి తీయగానే గాలి మింగి బంతిలా ఉబ్బింది. కెప్టెన్ మొహం మాడిపోయింది. అది చిక్కిన చోట వల తెగి పెద్ద కన్నం పడింది, దాని పళ్లు అలాంటివి. ఎర్ర సముద్రం వైపు నుంచి సూయజ్ కాలవ గుండా మధ్యధరా సముద్రంలోకి వచ్చేసిన పఫర్ ఫిష్ అది. కాలవ తెరిచింది 1869లో గానీ ఇది అవతలికి చేరింది మాత్రం ఈ శతాబ్దంలోనే, నీళ్లు వేడెక్కడంతో అక్కడ బాగా స్థిరపడింది. తింటే ప్రాణం తీసే విషం, అమ్మడానికి లేదు, వలలూ గాలాలూ కొరికేస్తుంది. సైప్రస్‌లో అయితే దాన్ని పట్టి తెచ్చినందుకు జాలర్లకి ప్రభుత్వమే కిలోకి ఇంతని ఇస్తుంది. మామయ్య దాన్ని చూసీ చూడగానే "ముట్టుకోకండి, ఇది మన దగ్గరా పడుద్ది" అన్నారు. కెప్టెన్ దాన్ని తిరిగి నీళ్లలో వేయలేదు, బకెట్లో వేసి మూత పెట్టాడు. సాయంత్రం వేసిన నాటకంలో ఇది ఎవరు రాసిన సీను? ఆ తెగిన వల బాగుచేసుకోవడం నిజం, దానికయ్యే ఖర్చు నిజం.

ఆ పడవ ఇంకా ఎందుకుంది

గ్రీసు దీవుల ఫొటోల్లో అందరూ చూసే ఆ చెక్క పడవలు, రెండు కొసలూ కోసుగా ఉండి తెలుపూ నీలం రంగులేసుకునేవి, ఇప్పుడు ఒకప్పుడున్నన్ని లేవు. 1990ల నుంచి యూరోపియన్ యూనియన్ వేట తగ్గించాలని ఒక పథకం నడిపింది. సముద్రంలో చేపల కన్నా పడవలు ఎక్కువయ్యాయి, లైసెన్స్ వదులుకునే జాలరికి పరిహారం ఇస్తాం, కానీ పడవ మళ్లీ వేటకి రాకూడదు అన్నారు. రాకూడదంటే ఏం చేశారనుకున్నారు? బుల్డోజర్‌తో తొక్కించారు. చేత్తో చెక్కిన పడవలు, కొన్నిటికి యాభై అరవై ఏళ్ల వయసు, వేల సంఖ్యలో అలా ముక్కలైపోయాయి. సామోస్ లాంటి దీవుల్లో పైన్ చెక్కతో వీటిని కట్టే వడ్రంగులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

పథకం ఉద్దేశం తప్పని నేను అనలేను. మధ్యధరాలో లెక్కకట్టి చూసిన చేపల నిల్వల్లో సగానికి పైనే అతిగా పట్టేస్తున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ చెబుతూనే ఉంది. పడవలు తగ్గాల్సిందే. కానీ ఎక్కువ చేపలు ఎత్తుకెళ్లే పెద్ద ట్రాలరుకీ, ఒక మనిషి తన వలతో తిరిగే చిన్న పడవకీ ఒకటే మందు వేస్తే, పరిహారానికి ముందు లొంగేది ఎప్పుడూ చిన్నవాడే.

మామయ్య ఈ మాట మీదే కెప్టెన్‌ని ఇంకో ప్రశ్న అడిగారు, మీకు వేట నిషేధం ఉండదా అని. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు కదలకూడదు. అక్కడ ట్రాలర్లకి జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా సెలవట, చిన్న వలల వాళ్లకి ఆ రూలు లేదు. మామయ్య కాసేపు ఆలోచించి, "నాలుగు నెలలా!" అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ నా అనువాదం అవసరం లేకుండానే చేతులతో ఏవో కొలతలు చూపించుకున్నారు.

ఈ నేపథ్యంలో చూడాలి సాయంత్రం ట్రిప్పులని. వృత్తిగా చేపలు పట్టేవాడు తన సొంత పడవలో టూరిస్టుల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకోవడానికి గ్రీసులో 2015లో పద్ధతి ప్రకారం నిబంధనలు పెట్టారు. ఇటలీలో ఇది అంతకుముందు నుంచే ఉంది. అంటే జాలరి లైసెన్స్ వదలక్కర్లేదు, పడవ తొక్కించక్కర్లేదు, వేసవిలో వచ్చే ఈ డబ్బుతో చెక్కకి రంగూ ఇంజన్‌కి రిపేరూ అవుతుంది. మా కెప్టెన్ అయితే కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. పొద్దున వలలో వచ్చేది డీజిల్‌కీ వలలకీ సరిపోతే గొప్ప, పడవ నిలబడుతున్నది సాయంత్రాల వల్లేనని.

మరి దీనివల్ల చేపలకేమైనా మేలు జరుగుతుందా అంటే, ఆ మాట మాత్రం నమ్మకంగా చెప్పలేను. చిన్న వల, కాసిని చేపలు, డబ్బు మాత్రం ఎక్కువ, కాబట్టి సముద్రానికి తేలికే అని వాదించొచ్చు. కానీ ఆయన పొద్దున ఎలాగూ వేటకి వెళ్లే వచ్చాడు, మాకోసం ఇంకోసారి డీజిల్ తగలేశాడు. ఇంకా మేం విమానంలో వెళ్లిన సంగతి కూడా కలిపితే ఆ లెక్కలో నేను గెలిచే అవకాశమే లేదు.

మామయ్య అన్న మాట

బావగారి "డ్రామా" కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మామయ్య మాట. భోజనం దగ్గర, కాల్చిన గులివింద ముల్లు తీస్తూ, ఎవర్నీ ఉద్దేశించకుండా అన్నట్టు అన్నారు. "మా అయ్య వలలు లాగి లాగి చేతులు కోసుకుపోయేవి. ఈ పని మనకొద్దు చదువుకోరా అని నన్ను బడికి తరిమాడు. ఇప్పుడు నువ్వు డబ్బులిచ్చి మరీ చూపిస్తన్నావు." మా ఆయన ఏం మాట్లాడలేదు. నాక్కూడా ఏం తోచలేదు.

దీనికి తేలిక జవాబుల్లేవు. ఒకరి కష్టం ఇంకొకరికి కాలక్షేపం అవుతోందన్న మాట కొట్టిపారేసేది కాదు. భీమిలిలో వల లాగేవాళ్లని చూడ్డానికి ఎవరూ టికెట్ కొనరు, వాళ్లని తొలగమని చెప్పి బీచ్‌లో ఫొటోలు తీసుకుంటాం. అదే పని గ్రీకు మనిషి చేస్తే మనకి ముచ్చటగా కనిపిస్తుంది. ఇందులో ఎంత భాగం సముద్రం మీద ప్రేమ, ఎంత భాగం తెల్ల గోడల మీద మోజు అని నన్ను నేను అడిగితే, రెండోదే ఎక్కువని ఒప్పుకోవాల్సొస్తుంది.

కానీ ఆ రోజంతా మామయ్యని చూశాను నేను. మా కెవరికీ ఇవ్వని తాడు కెప్టెన్ ఆయన చేతికిచ్చాడు. వల మూడు పొరల్లో ఉంటుంది, బయట రెండూ పెద్ద కన్నాలు, మధ్యది సన్న కన్నాలు, చేప బయటి పొరలోంచి దూరి మధ్య పొరని సంచిలా తోసుకుని ఇరుక్కుంటుంది. మేం గుంజితే ఇంకా బిగుసుకుంటోంది. మామయ్య మాత్రం దాన్ని వచ్చిన దారినే వెనక్కి తిప్పి, రెండు వేళ్లతో విడిపించేశారు. ఎన్నో ఏళ్లుగా తన మనవలకి కూడా చెప్పని పని. సిగ్గుపడి చెప్పలేదో, చెప్పడానికి ఏముందిలే అనుకున్నారో నాకు తెలీదు. ఆ పనికి ఎవరో డబ్బిచ్చి మరీ వస్తారన్న విషయం ఆయనకి అవమానంగా అనిపించిందా, ఇంకోలా అనిపించిందా అన్నది అడిగే చనువు కోడలిగా నాకు లేదు. అడగాల్సిన వాళ్లబ్బాయి ఫొటోలు తీయడంలో మునిగి ఉన్నాడు.

అందుకే జాలర్లని ఆటబొమ్మల్ని చేస్తున్నారన్న విమర్శకి నా జవాబు కొంచెం తేడాగా ఉంటుంది. ఆ పనిలో ఉన్న నేర్పు గురించి అడిగితే అది చెప్పుకోదగ్గ పనే అని రెండు వైపులా తెలుస్తుంది. అడగకుండా వైన్ గ్లాసు పట్టుకుని సూర్యుడి వైపే చూస్తూ కూర్చుంటే, అప్పుడు నిజంగానే అతను వెనకాల కదిలే బొమ్మ.

ప్రైవేట్ అంటే ఎవరి నుంచి?

ఇంకో విమర్శ ఉంది, ఇది నాదే. నలుగురి కోసం ఒక పడవ మొత్తం తీసుకోవడం దర్జా కాదా? పాతిక మందిని ఎక్కించుకునే కాటమరాన్ అనే పెద్ద టూరిస్టు పడవ అయితే తలకి ఖర్చు తక్కువ, డీజిల్ కూడా పంచుకున్నట్టు అవుతుంది. అదే దీవిలో 2023 వేసవిలో ఊరివాళ్లు తువ్వాళ్లు పట్టుకుని బీచ్‌లోకి వచ్చారు. అద్దె కుర్చీలూ గొడుగులూ ఇసకంతా ఆక్రమించేశాయి, మాకు తువ్వాలు పరుచుకునే జాగా కూడా లేదని వాళ్ల నిరసన. అది గ్రీసంతా పాకింది. ఆ దీవికే వెళ్లి సముద్రాన్ని ప్రైవేట్‌గా కొనుక్కున్నానని చెప్పుకోవడం వినడానికి బాగోదు.

అయినా నా అనుభవంలో తేడా వేరే చోట ఉంది. చుట్టూ కాటమరాన్లు ఉన్నాయి, ఒక దాంట్లోంచి పాటలు మాదాకా వినపడుతున్నాయి, సూర్యుణ్ణి అందరం కలిసే చూశాం, అందులో ప్రైవేట్ ఏం లేదు. మాకు దొరికిందల్లా ఒక మనిషి సమయం. పాతిక మంది ఉన్న పడవలో మామయ్య ప్రశ్నని ఎవరు అనువాదం చేస్తారు, ఎవరు ఆగి నవ్వుతారు? అత్తయ్యకి కడుపులో తిప్పినప్పుడు పడవని యాంటీపారోస్ గట్టు చాటుకి ఎవరు తిప్పుతారు?

సూర్యాస్తమయం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రెండు వాక్యాలతో సరిపెడతా. రాత్రి ఎనిమిదిన్నర దాటాక యాంటీపారోస్ కొండల వెనక్కి దిగింది, బాగుంది. రిషికొండలో సముద్రం మీద ఉదయించే సూర్యుణ్ణి చూసి పెరిగినవాళ్లకి దిక్కు మారింది తప్ప పెద్ద తేడా ఏం లేదు. దానికోసమే అయితే సాంటోరినీ దీవిలో ఓయా ఊరి గోడల మీద జనం భుజాల మధ్య నించుని ఉచితంగా చూడొచ్చు. అక్కడా మికొనోస్ దీవిలోనూ దిగే క్రూయిజ్ ప్రయాణికుల మీద 2025 నుంచి సీజన్‌లో తలకి 20 యూరోలు వసూలు చేస్తున్నారంటే రద్దీ ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది.

వెళ్దామనుకునే వాళ్లకి

జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమీ అనే గాలి వీస్తుంది. ఆకాశం నీలంగా, ఎండ దివ్యంగా ఉంటుంది, కానీ సముద్రం మాత్రం ఉడుకుతుంటుంది. గాలి హద్దు దాటితే పోర్టు అధికారులు పడవల్ని కదలనివ్వరు. మా ట్రిప్పు మొదట అనుకున్న రోజున అలాగే రద్దయింది, కెప్టెన్ పొద్దున్నే మెసేజ్ పెట్టేశాడు. ఎండ చూసి "ఏమైంది ఈయనకి" అని మా ఆయన టెన్షన్ పడ్డాడు గానీ, ఒడ్డుకెళ్లి చూసిన మామయ్య "ఎల్లకూడదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రద్దు చేసే కెప్టెన్ దొరికితే వదలకండి, ఎలాగైనా తీసుకెళ్తాననే వాడి దగ్గరికే వెళ్లొద్దు.

ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎంతమంది, ఏం పెడతారు అని అడిగేముందు, మీది వేట లైసెన్స్ ఉన్న పడవేనా, పొద్దున చేపలు ఎక్కడ అమ్ముతారు అని అడగండి. నిజంగా జాలరి అయితే ఆ రెండో ప్రశ్నకి హోటల్ పేరుతో సహా చెప్తాడు. చేపలు గ్యారంటీ అని రాసినవాడు ఫ్రిజ్‌లోంచి తీసి పెడతాడని అర్థం. మాకు పడిన చేపలు నలుగురికి చాలవని తెలిసి ఆయన గూనా కూడా తెచ్చి పెట్టుకున్నాడు. కానాగంతల్లాంటి చేపని చీల్చి, ఉప్పు రాసి, ఒక్క రోజు ఎండబెట్టి, నిప్పుల మీద కాల్చేది, పారోస్‌లో దానికి పెద్ద పేరు. "సరిగ్గా ఎండలేదు" అని మామయ్య తీర్పిచ్చారు గానీ రెండోది కూడా అడిగి తిన్నారు, అత్తయ్య కారం చల్లుకుని మరీ.

దిగేముందు నేను కెప్టెన్‌ని అడిగాను, పొద్దున అసలు వేటకి ఎవరినైనా తీసుకెళ్తారా అని. తీసుకెళ్తాడట, ఖర్చు కూడా సగమేనట. కానీ నాలుగింటికి హార్బరులో ఉండాలి, తను పని మధ్యలో ఫొటోలకి ఆగడు, మాట్లాడడు, భోజనం ఉండదు, ఇద్దరికి మించి చోటు లేదు. ఏడాదికి ఎంతమంది వస్తారంటే చెయ్యి తిప్పి చూపించాడు, ఎవరూ రారని. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, నాలుగింటికి అంటే మూడింటికి లేవాలి. మామయ్యని అడిగితే, "నాకెందుకమ్మా, చూసిందే గదా, మీరెల్లండి" అన్నారు. మేం వెళ్లలేదు.